పత్రికలో పేరు

ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం 11

నాయన ఫోన్ పోయింది. పోవడమంటే ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎదురుగా టేబుల్ మీదే ఉంది. కానీ దాని మీద మాకు ఏ పెత్తనమూ లేదు. వాట్సాప్ తెరిస్తే లాగౌట్ అయిపోతోంది. ఓటీపీ అడిగితే అది మాకంటే ముందు ఇంకెవడికో చేరుతోంది. బ్యాంకులో ఉన్న పెన్షన్ డబ్బులు రాత్రే ఖాళీ.

ఇది జరిగింది ఎవరింట్లో? హిందూపురంలో, మా కాలేజీ ఆఫీసులో అటెండర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ పాస్‌వర్డ్ పాఠాలు చెప్పే ఉషారాణి ఇంట్లో. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అమ్మ పోయాక నాయన ధర్మవరం నుంచి మా ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఫోన్ గురించి నేను చెప్పని జాగ్రత్త లేదు. పాపం, వినేవాడు కూడా. మంచినీళ్ల క్యాన్ అబ్బాయి మెసేజ్ పెట్టినా, ఉషా, ఇది నొక్కచ్చునా అని అడిగేవాడు. నేను విసుక్కునేదాన్ని.

నిన్న మాత్రం అడగలేదు. మెసేజ్ చిన్నాయన నంబర్ నుంచి వచ్చింది మరి. మా ఇంట పెండ్లి, తప్పక రావల్ల అని ఒక లైను, దాని కింద పెళ్లి పత్రిక అని ఒక ఫైలు. ఫోన్ వద్దు వద్దు అని చెప్పే ఉంటుంది. నాయన అన్నిటికీ అవునని నొక్కుకుంటూ పోయాడు. పత్రికకు తాళాలు ఎక్కువ యేసినారేమో అనుకుంటి, అన్నాడు.

అంత తొందరేమొచ్చింది నాయనా అని అరిచాను. నా పేరు యేసినాడా లేదా చూద్దామని, అన్నాడు.

ఇంక నేనేం అరవను?

అదే రోజు, సాయంత్రం 5

సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేశాను. కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. బ్యాంకు ఖాతా ఆపించాను. ఫోన్ మొత్తం తుడిచేసి కొత్తగా చేశాను. మా ఆయన సాయినాథ్ పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో పగటి షిఫ్టు ముగించుకుని వచ్చి, నాకు టీ పెట్టిచ్చి, పక్కన కూర్చున్నాడు. అదే మేలు.

వాట్సాప్ మాత్రం రాలేదు. దొంగ దానికి వాడి పిన్ పెట్టుకున్నాడు. వారం ఆగితే గానీ మాకు తిరిగి రాదట. అంటే వారం పాటు వాడే మా నాయన. మా నాయన ఫోటోతో, మా నాయన పేరుతో, మా చుట్టాలందరికీ వాడు ఏం పంపినా పంపొచ్చు. నేను చూస్తూ కూర్చోవాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

ఉదయం నుంచి ఫోన్లే ఫోన్లు. ఏమ్మా, ఎవురి పెండ్లి, పత్రిక తెరుచుకోలేదే అని లేపాక్షి నుంచి ఒకరు, మడకశిర నుంచి ఒకరు. నాయన నంబర్ నుంచి అందరికీ అదే ఫైలు పోయింది. నొక్కొద్దు, నొక్కొద్దు అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. రొళ్లలో ఉండే మా మేనత్త అప్పటికే నొక్కేసింది. మమ్మల్ని పిలవకుండానే పెండ్లి చేసేస్తారేమో అని భయపడిందట.

తప్పు వాళ్లది కాదు. మా వాళ్లకు పత్రిక అంటే ముహూర్తం చూసుకునే కాగితం కాదు. ముందు చూసేది అడుగున పేర్లు. మన పేరుందా? ఉంటే ఎవరి తర్వాత? ఇంటిపేరు సరిగా వేశారా? ఆ తర్వాతే పెళ్లికూతురెవరు, పెళ్లికొడుకెవరు. ఆ దొంగ ఎక్కడ కూర్చున్నాడో గానీ మమ్మల్ని బాగా చదివాడు.

నాయనకు ఆ ఆత్రం అందరికంటే ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. నా పెళ్లి పత్రికలో చిన్నాయన పేరు పడలేదు. ధర్మవరంలో ఒకే ఇంట్లో చెరో మగ్గం మీద నేసిన అన్నదమ్ములు. పత్రిక చేతికొచ్చిన రోజు చిన్నాయన దాన్ని కింద దాకా చదివి, మడిచి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ప్రెస్సు వాళ్ల పొరపాటని నాయన అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మినట్టు లేరు. పద్నాలుగేళ్లయింది. అమ్మ పోయినప్పుడు చిన్నాయన వచ్చాడు, దండ వేశాడు, మా నాయన వైపు చూడకుండా పోయాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇంట్లో కంప్యూటర్ స్కాన్ చేశాను. నా మెయిల్, సాయినాథ్ మెయిల్, కరెంటు బిల్లు కట్టే యాప్, వైఫై, అన్నిటికీ పాస్‌వర్డ్ మార్చాను. ఇల్లంతా తాళాలు వేశాను.

నాయన వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ముహూర్తం ఎప్పుడో కనుక్కో ఉషా, అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఆ పత్రిక దొంగది నాయనా అని. దొంగ నా ఫోన్లో దూరినాడు, అది నాకు తెలుసు, పత్రిక పంపింది మావాడు గదా, వాని నెంబరే గదమ్మా వచ్చింది అన్నాడు. నాయన లెక్కలో అవి రెండు వేరే వేరే సంగతులు. తమ్ముడు పత్రిక పంపాడు. ఆ తర్వాత ఫోన్లో దొంగ పడ్డాడు. పెళ్లి ఇంట్లో దొంగలు పడరా ఏమి?

ఫిబ్రవరి 12, బుధవారం

అశ్వినికి ఫోన్ చేశాను. చిన్నాయన కూతురు. పెనుకొండలో నర్సుగా చేస్తోంది. అమ్మ పోయినప్పుడు తీసుకున్న నంబర్, ఎప్పుడూ చేసింది లేదు.

అక్కా, నాకు పెండ్లేంది, ఎవురు చెప్పినారు అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, వాళ్ల నాయన ఫోన్ కూడా ఇట్లే పాడయిందని, ఎవరో పంపిన పత్రిక నొక్కాడని, అందులోంచి అందరికీ పోతున్నాయని చెప్పింది. పెదనాయన దుడ్లు కూడా పోయినాయా అని అడిగింది. పోయాయి అన్నాను. మా నాయనకు చెప్తాలే అక్కా, బాధ పడతాడు, అంది.

బాధ పడతాడు అన్న మాట నాకు తీపిగా తగిలింది. సిగ్గులేకుండా రాసుకుంటున్నాను.

ఆఫీసులో కూర్చుంటే ఇంకోటి తోచింది. ఆ ఫైలు ఫోన్లో సేవ్ చేసుకున్న నంబర్లకే పోతుంది. అంటే ఇన్నేళ్లూ చిన్నాయన ఫోన్లో మా నాయన నంబర్ ఉంది. తీసేయలేదు.

ఈ మాట నాయనకు చెప్పాలి. కానీ ఇది చెప్పాలంటే ముందు పెళ్లి లేదని ఒప్పించాలి.

ఫిబ్రవరి 13, గురువారం

చెప్పలేకపోయాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాయన సాయినాథ్ ఫోన్ నుంచి ధర్మవరంలో తెలిసిన మగ్గం ఆయనకు ఫోన్ చేసి చీర చెప్పేశాడు. వంకాయ రంగు, ఆకుపచ్చ అంచు, బుటా చిన్నది. పెదనాయన పెట్టే చీర అంటే పీటల మీద కట్టేటట్లు ఉండల్ల అని నాకు వివరిస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి నిజం చెప్పే శక్తి నాకు లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం, మధ్యాహ్నం 3

వాట్సాప్ తిరిగి వచ్చింది! నా పిన్ పెట్టాను, రెండో తాళం కూడా. దొంగ ఇక రాలేడు.

చిన్నాయన నంబర్ నుంచి ఇంకో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి ట్రాఫిక్ చలానా అట. చిన్నాయనకు సైకిల్ తప్ప బండి లేదు, ఆయన మా నాయనకు చలానా పంపుతున్నాడు! ఆ ఫోన్ ఇంకా దొంగ చేతిలోనే ఉంది. నాయన కంటపడితే మళ్లీ నొక్కుతాడు. తమ్ముడి నంబర్ నుంచి ఏదొచ్చినా నొక్కుతాడు.

బ్లాక్ చేశాను. వాట్సాప్‌లోనూ, కాల్స్‌లోనూ. నాయనకు చెప్పలేదు. ఇప్పుడు నాకు నెమ్మదిగా ఉంది.

ఫిబ్రవరి 17, సోమవారం

చెప్పేశాను. అన్నం తిన్నాక. అశ్వినితో మాట్లాడానని, పెళ్లి లేదని, చిన్నాయన ఏ పత్రికా పంపలేదని.

నాయన చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు. అట్లయితే వాడు పిల్చలేదు, అన్నాడు.

ఆయన ఫోన్లో నీ నంబర్ ఉంది నాయనా, అందుకే నీకు వచ్చింది, అని చెప్పాను. ఇన్నాళ్లూ దాచుకున్న మాట. ఊ అన్నాడు. ఫోన్ అడిగి తీసుకుని చీర ఆయనకు తనే చేశాడు. వద్దులేప్పా, వేరేవాళ్లకు ఇచ్చుకో, అన్నాడు. ఎందుకు వద్దో ఆయన అడిగినట్టున్నాడు. నాయన ఫోన్ పెట్టేశాడు.

ఆ దొంగ దొరికితే వాడిని కొట్టను. ఈ ఫోన్ మాట వినిపిస్తాను.

ఫిబ్రవరి 19, బుధవారం

నాయన ఫోన్ ముట్టుకోవడం లేదు. ఛార్జింగ్ నేనే పెడుతున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

ఉపవాసం అని నాయన పొద్దున్నుంచి నీళ్లతో ఉన్నాడు. సాయంత్రం గుడి నుంచి వచ్చి, వాని నంబరు నుంచి ఏమన్నా వచ్చిందా అని అడిగాడు. రాలేదు నాయనా, రాదు, నేను చూస్తున్నా కదా, అన్నాను. దొంగ గురించి భయపడుతున్నాడనుకున్నాను.

మార్చి 1, శనివారం, ఉదయం 10

రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

అశ్విని ఫోన్ చేసింది. గొంతులో చల్లదనం. మా నాయన ఫోన్ బాగు చేయించుకున్నాడక్కా, తన నంబరు వల్ల అన్న దుడ్లు పోయినాయని శానా బాధపడినాడు, పెదనాయనకు రోజూ ఫోన్ చేస్తాండాడంట, ఒక్క రింగు పోతానే పెదనాయన కట్ చేస్తాండాడంట, ఇంత కోపం యాల అక్కా, అంది.

నాయన ఫోన్ తీసి చూశాను. బ్లాక్ అయిన కాల్స్ అన్నీ ఒక వరుసలో ఉన్నాయి. పందొమ్మిదిన ఉంది, మరుసటి రోజు ఉంది, ఆ తర్వాతా ఉన్నాయి. ఆఖరిది శివరాత్రి నాడు. నాయన గుడికి వెళ్లిన సమయం. అంతే, ఆ తర్వాత లేవు.

పద్నాలుగేళ్ల తర్వాత మా చిన్నాయన మా నాయనకు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఆపింది ఏ దొంగా కాదు. నేను.

మధ్యాహ్నం 1

బ్లాక్ తీశాను. నాయనకు చెప్పాను. తిట్టలేదు. వాడు చేసినాడా, ఎన్నిసార్లు చేసినాడు అని మాత్రం అడిగాడు. చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ వేలితో తాకుతూ చూశాడు.

తర్వాత తనే చేశాడు. రింగ్ అయింది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి ఎవరో ఎత్తి, మాట్లాడకుండా పెట్టేశారు.

రేపు ధర్మవరం పోతున్నాం.

మార్చి 2, ఆదివారం

వెళ్లొచ్చాం. ఒళ్లంతా నీరసంగా ఉంది. అయినా మొత్తం రాయాలి.

ఉదయం రైలు. పెనుకొండలో అశ్విని ఎక్కుతానంది గానీ డ్యూటీ మార్చుకోలేకపోయింది. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారి పొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. చిన్నమ్మకు పూలు కొందామా అని ఒకసారి అడిగాడు, కొన్నాం.

ఇంటికి పోయేసరికి లోపల మగ్గం చప్పుడు. ఆదివారం కూడా నేస్తున్నాడు చిన్నాయన. మగ్గం గుంటలో కాళ్లు, చీర మీద కళ్లు. మమ్మల్ని చూశాడు. మగ్గం ఆపలేదు. చిన్నమ్మ కమలాక్షి మాత్రం రాండి రాండి అంటూ చాప వేసింది, నీళ్లిచ్చింది. నాయన చాప మీద కూర్చోలేదు. గడప పక్కన నిలబడ్డాడు.

మాట్లాడింది నేనే. చప్పుడు మీద అరుస్తూ మాట్లాడాను. చిన్నాయనా, మీ నంబర్ నుంచి దొంగ ఫైళ్లు వస్తున్నాయని నేనే బ్లాక్ చేశాను, నాయనకు తెలియదు, ఒక్కసారి బ్లాక్ చేస్తే కాల్ తనంతట తనే కట్ అయిపోతుంది అని చెప్పాను. ఫోన్ తీసి సెట్టింగ్స్ చూపించబోయాను. కాలేజీలో ఇదే సంగతి ఎంతమందికి అర్థమయ్యేలా చెప్పాను! ఇక్కడ ఒక్క ముక్క కూడా సరిగా రావడం లేదు.

చిన్నాయన ఫోన్ వైపు చూడలేదు. పోగు తెగినట్టుంది, అప్పుడు ఆగాడు. పోగు ముడి వేస్తూ మెల్లగా చెప్పాడు. ఆ పొద్దు ప్రెస్సోడు తప్పు చేసినాడంటిరి. ఈ పొద్దు ఫోను తప్పు చేసిందంటాండారు. మీ ఇంట్లో ఎప్పుడూ మిషన్లే తప్పు చేస్తాయామ్మా?

నేను చేశాను చిన్నాయనా, నేనే నొక్కాను, అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన మొదటిసారి నన్ను చూశాడు. కోపంగా కాదు. నువ్వు వాని బిడ్డవి గదమ్మా, వాని తప్పు నీ మీద యేసుకుంటాండావు, మంచిదే, అన్నాడు.

నేను నాయన వైపు తిరిగాను. ఏదో ఒకటి చెప్పు నాయనా, మీ తమ్ముడితో నువ్వే ఒక మాట చెప్పు అని మనసులో మొత్తుకున్నాను. నాయన నోరు తెరిచాడు. మగ్గం మళ్లీ మొదలైంది. నోరు మూసేశాడు.

చిన్నమ్మ వీధి చివర దాకా వచ్చింది. మేమిచ్చిన పూలు చేతిలోనే ఉన్నాయి. మనసులో ఉండాది ఉషా ఆయనకు, శివరాత్రి పొద్దు శానాసేపు ఫోను పట్టుకోనే ఉన్నాడు, అంది. ఆ మాట విన్నాక నాకు ఇంకా బాధ పెరిగింది.

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక నాయన చెప్పాడు. ప్రెస్సోని తప్పు కాదమ్మా, అన్నాడు. నా పెళ్లి కుదిరినప్పుడు చిన్నాయన సాయినాథ్‌ను చూసి, కంపెనీ ఉద్యోగంలో ఏముండాది, రెణ్ణెల్లకు పీకి పారేస్తారు అన్నాడట. నాయనకు మండింది. ప్రెస్సులో ప్రూఫ్ కాగితం చేతికిస్తే, పెన్ను తీసుకుని తమ్ముడి పేరు తనే కొట్టేశాడట. సాయంత్రానికి కోపం తగ్గిందట. తిరిగి పోయేసరికి పత్రికలు అచ్చయిపోయాయి.

ఆ మాట ఇందాక అక్కడ చెప్పి ఉంటే అయిపోయేది కదా నాయనా అన్నాను. నోరు రాలేదమ్మా, అన్నాడు.

నాకు మా నాయన మీద చచ్చేంత కోపం వచ్చింది. కోపం చూపించడానికి ఆయన వైపు తిరిగితే, ఆయన చొక్కా గుండీ విప్పుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ విప్పుకుంటున్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

మార్చి 12, బుధవారం

బ్యాంకు నుంచి మెసేజ్. పోయిన డబ్బులో కొంత దొరికి ఖాతాలో పడింది. సాయినాథ్ సంతోషపడి స్వీట్లు తెచ్చాడు. నాయనకు చెబితే ఓహో అన్నాడు.

మార్చి 21, శుక్రవారం

కాలేజీలో సైబర్ భద్రత మీద పిల్లలకు రెండు మాటలు చెప్పమన్నారు. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే, అనుమానం ఉంటే బ్లాక్ చేయండి అని పుస్తకంలో ఉంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మంచినీళ్లు తాగాను. చదివేశాను. అది తప్పు సలహా కాదు. అదే నా కర్మ.

మార్చి 30, ఆదివారం, ఉగాది

నాయన చిన్నాయనకు ఫోన్ చేశాడు. మోగింది. ఎత్తలేదు.

ఎదురింటి హేమావతి నాయనకు ఒకటి నేర్పింది. వాట్సాప్‌లో అవతలివాళ్ల ఫోటో కనిపిస్తుంటే మన నంబర్ వాళ్ల దగ్గర ఉన్నట్టేనట. అందుకని నాయన రోజూ పొద్దున్నే లేచి చిన్నాయన ఫోటో చూసుకుంటున్నాడు. మగ్గం ముందు కూర్చుని తీయించుకున్న ఫోటో. ఉండాది, తీయలేదు వాడు, అని నాకు చెప్పి కాఫీ తాగుతున్నాడు.

అది అందరికీ నిజం కాదని, ఒక్కొక్కరి సెట్టింగ్ ఒక్కో రకంగా ఉంటుందని నాకు తెలుసు. చెప్పలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

చిన్నాయన ఫోటో కనిపించడం లేదు. ఫోటో చోట ఖాళీ బొమ్మ ఉంది. నాయన నెట్ అయిపోయిందేమో అన్నాడు. రీఛార్జ్ చేయమన్నాడు.

చేశాను.

ఏప్రిల్ 17, గురువారం

మళ్లీ చేయమన్నాడు. మళ్లీ చేశాను.

మే 4, ఆదివారం

అశ్విని పెళ్లి పత్రిక వచ్చింది. నాయన ఫోన్‌కే. తన నంబర్ నుంచే పంపింది. పెదనాయనా, తప్పక రావల్ల అని ఒక లైను, కింద ఫైలు.

నాయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నువ్వు చూడమ్మా ముందు, అన్నాడు.

చూశాను. అసలు పత్రికే. పెనుకొండలో పెళ్లి. అడుగున పేర్లన్నీ ఉన్నాయి, చిన్నమ్మ అన్నదమ్ములవి, రొళ్ల మేనత్తది కూడా. రెండుసార్లు చదివాను. మా నాయన పేరు లేదు.

తల ఎత్తితే నాయన నా మొహమే చూస్తున్నాడు.

ఇది కూడా ఆ దొంగలదే నాయనా, తీసేస్తున్నా, అన్నాను.

చూసినావా, ఈసారి నేను నొక్కలేదు, అన్నాడు నాయన. సంబరంగా.

మంచి పని చేశావు నాయనా, అన్నాను.